అండమాన్ దీవుల్లో కుటుంబంతో సెలవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గత కొన్నేళ్ళలో మేము మూడుసార్లు అండమాన్ వెళ్ళివచ్చాము. మొదటిసారి మూడేళ్ళ పాపతో, రెండోసారి అత్తగారు, మామగారితో, మూడోసారి రెండు కుటుంబాలు కలిసి వెళ్ళాము. అప్పటి నుంచి బంధువులు, స్నేహితులు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఇంచుమించు అవే కావడంతో జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ ద్వీపానికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ ద్వీపానికి షహీద్ ద్వీప్ అని, 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేర్లు మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనబడినా మాటల్లో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి కనుక ఇక్కడ వాటినే వాడుతున్నాను.

## నిర్ణయం తీసుకునే ముందు

మాల్దీవులు, లక్షద్వీప్, అండమాన్: పిల్లలతో వెళ్ళడానికి ఏది మంచిది?

మాల్దీవుల్లో సాధారణంగా ఒక దీవి అంతా ఒకే రిసార్టుగా ఉంటుంది. భారతీయులు వీసా ముందుగా తీసుకోవలసిన పని లేదు గానీ అందరికీ పాస్‌పోర్టులు ఉండాలి, విమానాశ్రయం నుంచి రిసార్టుకు వెళ్ళే స్పీడ్ బోటుకో సీప్లేన్‌కో మనిషికి ఇంత అని విడిగా చెల్లించాలి. లక్షద్వీప్‌కు భారత పౌరులైనా ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, అక్కడ గదులు కూడా పరిమితమే. అండమాన్‌లో పాస్‌పోర్టు అక్కర్లేదు. రిసార్టు గేటు దాటితే ఊరు, బజారు, అడవి, చరిత్ర ఉంటాయి కాబట్టి రోజంతా నీళ్ళలోనే ఉండలేని పెద్దవాళ్ళకు విసుగు పుట్టదు. రెండు తరాలు కలిసి వెళ్ళే మన కుటుంబాలకు నేను అండమాన్‌నే సూచిస్తాను. నవదంపతులు అడిగితే నా జవాబు వేరుగా ఉండేది.

ఏ నెలల్లో వెళ్ళాలి? వేసవి సెలవుల్లో వెళ్ళవచ్చా?

డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా సముద్రం ప్రశాంతంగా, నీరు స్వచ్ఛంగా ఉంటుంది. సంక్రాంతి సెలవులు సరిగ్గా ఈ కాలంలోనే వస్తాయి, కానీ విమాన చార్జీలు కూడా అప్పుడే ఎక్కువ. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే మూడో వారం ప్రాంతంలో అండమాన్‌ను తాకుతాయి. అందువల్ల వేసవి సెలవుల్లో వెళ్ళాలంటే పరీక్షలు ముగియగానే ఏప్రిల్ చివరలోనే బయలుదేరడం మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అలలు ఎక్కువ. దసరా సెలవుల్లో గదులు చౌకగా దొరకవచ్చు గానీ అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడుతుంటాయి. ఆ కాలంలో వెళ్ళేవారు ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

ఎన్ని రోజులు సరిపోతాయి?

పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే కనీసం ఆరు రాత్రులు కావాలి. పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి రాత్రి, హేవ్‌లాక్‌లో మూడు, నీల్‌లో ఒకటి, తిరిగి పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి అన్న లెక్క మాకు రెండుసార్లు సరిగ్గా కుదిరింది. నాలుగు రాత్రులే దొరికితే నీల్‌ను వదిలేయండి. ప్రతి దీవి మార్పుకూ సంచులు సర్దడం, జెట్టీకి వెళ్ళడం, తనిఖీ, పడవ, మళ్ళీ గది తాళాల కోసం ఎదురుచూడడం కలిపి పూట గడిచిపోతుంది. చాలా కుటుంబాలు చూడవలసిన చోట్ల జాబితాను పెంచుకుని, ఏ దీవిలోనూ తీరిగ్గా కూర్చోకుండానే తిరిగివస్తున్నాయి.

ఖర్చులో ఎక్కువ భాగం దేనికి పోతుంది?

నలుగురున్న కుటుంబానికి విమాన టికెట్లే మొదటి పెద్ద ఖర్చు. ఆ తర్వాత గదులు, తర్వాత ఫెర్రీలు. భోజనం, ఆటోలు వీటి ముందు చిన్నవే. గది ధర చూసేటప్పుడు పన్నును కూడా కలిపి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్టీ పడుతోంది కనుక, 7,400 గదికీ 7,800 గదికీ చేతినుంచి పోయే డబ్బులో తేడా కనబడినదానికంటే చాలా ఎక్కువ. డిసెంబరు 24, 31 తేదీల్లో కొన్ని రిసార్టులు ప్రత్యేక విందు పేరుతో తప్పనిసరి రుసుము వసూలు చేస్తాయి. దాని గురించి బుక్ చేసే రోజునే అడిగి తెలుసుకోండి.

మేము కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులం. ఎల్‌టీసీ మీద వెళ్ళవచ్చా?

సొంత ఊరికి వెళ్ళే ఎల్‌టీసీకి (సెలవు ప్రయాణ రాయితీకి) బదులుగా అండమాన్ నికోబార్ దీవులకు విమానంలో వెళ్ళేందుకు కేంద్రం ప్రత్యేక వెసులుబాటు ఇచ్చింది, దాని గడువును విడతలుగా పొడిగిస్తూ వస్తోంది. టికెట్లు కొనే ముందు మీ కార్యాలయంలో తాజా ఉత్తర్వు చూసి, అనుమతించిన ఏజెన్సీల ద్వారానే కొనండి. టికెట్టు మరోచోట కొన్నందుకు బిల్లు తిరస్కరణకు గురైనవారు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు.

## టికెట్లు, గదులు

విశాఖపట్నం నుంచి ఓడ ఉందట కదా, అందులో వెళ్ళవచ్చా?

ఉంది, కానీ చెన్నై, కోల్‌కతాల నుంచి ఉన్నంత తరచుగా ఉండదు, ఏ తేదీన బయలుదేరేదీ కొద్ది వారాల ముందే తెలుస్తుంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరడానికి సుమారు 56 గంటలు పడుతుంది. సముద్రయానం అంటే మక్కువ ఉండి, పది పన్నెండు రోజుల సెలవు ఉన్నవారికి అది జీవితాంతం గుర్తుండే ప్రయాణం. బడి సెలవుల లెక్కతో, చిన్నపిల్లలతో వెళ్ళేవారికి విమానమే సరైనది. హైదరాబాద్ నుంచి నేరు విమానంలో సుమారు రెండున్నర గంటలు, చెన్నై నుంచి రెండు గంటలకు కాస్త అటూఇటూ పడుతుంది.

ముందు ఏది బుక్ చేయాలి: విమానమా, ఫెర్రీనా, గదులా?

విమానం, ఆ తర్వాత ఫెర్రీ, చివర గదులు. చాలామంది గది ఫోటోలు చూసి ముందుగా దానికే డబ్బు కట్టేస్తారు. తీరా ఆ రోజు హేవ్‌లాక్‌కు ఉదయపు ఫెర్రీలో సీట్లు లేక మధ్యాహ్నం పడవలో వెళ్ళి, చీకటి పడే వేళకు గది చేరుకుంటారు. పండుగ రోజుల్లో ఒకే కుటుంబానికి ఐదారు సీట్లు ఒకే పడవలో దొరకడం కష్టం. తేదీలు ఖరారు చేసుకునే రోజునే విమానం, ఫెర్రీ వేళలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, అవి కుదిరాకే గదికి డబ్బు పంపండి.

హేవ్‌లాక్‌లో ఏ వైపు రిసార్టు తీసుకోవాలి?

ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలుసుకుంటే సెలవు సగం కుదిరినట్టే. ద్వీపానికి పడమర వైపు రాధానగర్ తీరం, తూర్పు వైపు గోవింద నగర్, విజయ నగర్, కాలాపత్తర్ తీరాలు ఉన్నాయి. స్థానికులు వీటిలో కొన్నిటిని మూడో నంబరు, ఐదో నంబరు, ఏడో నంబరు బీచ్ అని పిలుస్తారు. ఎక్కువ రిసార్టులు తూర్పునే ఉన్నాయి. జెట్టీ, బజారు, డైవింగ్ కేంద్రాలు కూడా అటే దగ్గర. పడమర వైపు రిసార్టులు చాలా తక్కువ, ధరలు ఎక్కువ, జెట్టీ నుంచి సుమారు 12 కిలోమీటర్లు వెళ్ళాలి.

అసలు తేడా ఆటుపోట్లలో ఉంది. తూర్పు తీరం లోతు తక్కువైనది. పాటు వేళ నీరు వెనక్కి పోతే, ఉదయం గది మెట్ల దగ్గర అలలు తాకిన చోటే మధ్యాహ్నానికి రాళ్ళు, చచ్చిన పగడాలు, బురద ఇసుక బయటపడతాయి, ఈతకు వీలుండదు. రాధానగర్‌లో నీరు ఎంత తగ్గినా ఇసుక నేలే ఉంటుంది కనుక ఏ వేళకైనా నీళ్ళలో దిగవచ్చు. అయితే అది పడమర ముఖం కాబట్టి నైరుతి రుతుపవనాల కాలంలో అక్కడ అలలు పెద్దవిగా వస్తాయి, ఆ నెలల్లో తూర్పు తీరమే నెమ్మదిగా ఉంటుంది.

దీనికి మన గోడ క్యాలెండరే చక్కగా పనికివస్తుంది. పున్నమి, అమావాస్యలకు అటూఇటూ ఉన్న రోజుల్లో నీరు బాగా పైకి వచ్చి బాగా లోపలికి పోతుంది. అష్టమి, నవమి ప్రాంతంలో ఆ తేడా తక్కువగా ఉంటుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. తూర్పు వైపు గది తీసుకునేవారు అష్టమి ఆ మూడు రోజుల్లో పడేలా చూసుకుంటే పిల్లలు ఎక్కువసేపు నీళ్ళలో ఆడుకోగలుగుతారు.

అయితే నీరు పోయిన తీరాన్ని వృథా అనుకోకండి. విజయ నగర్ దగ్గర, తగ్గిన నీటిలో మోకాలి లోతు గుంట పక్కన మా అత్తగారు ప్లాస్టిక్ స్టూలు వేయించుకుని రెండు గంటలు కూర్చున్నారు. ఆ గుంటలో వేలెడంత నీలి చేపలు, నల్లటి సముద్రపు దోసకాయ (సీ కుకుంబర్) అనే జీవి ఒకటి, రాయి కింద దాక్కుని ఒక్క కొండి మాత్రం బయటపెట్టిన పీత ఉన్నాయి. ఆ సాయంత్రం నుంచి ఆమె రోజూ పాటు వేళ ఎప్పుడని రిసెప్షన్‌లో అడిగి తెలుసుకునేవారు.

సీ వ్యూ గది, బీచ్ ఫ్రంట్ గది ఒకటేనా?

కాదు. బీచ్ ఫ్రంట్ అంటే గదికీ తీరానికీ మధ్య మరో కట్టడం ఉండకూడదు. సీ వ్యూ అంటే గదిలో ఏదో ఒకచోట నుంచి సముద్రం కనబడితే చాలన్న అర్థంలోనే వాడుతున్నారు. ఒకసారి మేము సీ వ్యూ అని అదనంగా కట్టి తీసుకున్న గదిలో, బాల్కనీ చివర నిలబడి పక్కకు వంగితే రెండు కొబ్బరిచెట్ల సందులో నీలిగీత ఒకటి కనబడింది. అడిగితే అది సీ వ్యూనే అన్నారు, డబ్బు వెనక్కి రాలేదు. బుక్ చేసే ముందు మీకిచ్చే గది వరుస ఏది, ఎన్నో అంతస్తు, తలుపు తీయగానే ఎదురుగా ఏముంటుంది అని రాతపూర్వకంగా అడగండి. అతిథులు తీసి పెట్టిన ఫోటోలు రిసార్టు ఫోటోల కంటే నిజం చెబుతాయి.

గది ధర పక్కన సీపీ, మ్యాప్ (ఎంఏపీ), ఏపీ అని రాస్తున్నారు. ఏది తీసుకోవాలి?

ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గదితోపాటు ఉదయం ఫలహారం. మ్యాప్ అంటే ఫలహారం, ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా తిండి. హేవ్‌లాక్‌లో మ్యాప్ తీసుకుని, రాత్రి భోజనం రిసార్టులోనే ఉండేలా చూసుకోవడం మంచిదని నా అనుభవం. చీకటి పడ్డాక పిల్లలతో భోజనం కోసం ఆటో వెతుక్కుంటూ వెళ్ళడం కష్టం, పగలు మాత్రం ఎలాగూ బయట తిరుగుతూనే ఉంటారు. నీల్‌లో సీపీ చాలు.

నలుగురం ఒకే గదిలో ఉండవచ్చా?

చాలా రిసార్టుల్లో గదికి ఇద్దరు పెద్దలు, అదనపు పరుపు మీద మరొకరు అన్నదే నియమం. ఐదేళ్ళ లోపు పిల్లలకు తరచుగా ఉచితమే అయినా ఆ వయసు హద్దు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటుంది. పెద్దవాళ్ళకు విడి గది తీసుకునేటప్పుడు రెండూ పక్కపక్కన, కింది అంతస్తులోనే కావాలని ముందే చెప్పండి. కాటేజీలు విడివిడిగా చెట్ల మధ్య ఉన్నచోట రాత్రి పూట దారిలో వెలుతురు తక్కువగా ఉంటుంది.

ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా ఏర్పాటు చేసుకోవాలా?

ఆరుగురి కంటే ఎక్కువ మంది ఉంటే స్థానిక ఏజెంటు ద్వారా వెళ్ళడం తేలిక, ఎందుకంటే ఫెర్రీ రద్దైనప్పుడు జెట్టీ దగ్గర నిలబడి టికెట్లు మార్పించే మనిషి ఒకరు ఉంటారు. కానీ ప్యాకేజీలో రిసార్టు పేరు, గది రకం, ఫెర్రీ పేరు స్పష్టంగా రాయించుకోవాలి. "అదే స్థాయి హోటల్" అన్న మాట ఉన్న కాగితం మీద అడ్వాన్సు ఇవ్వకండి.

## కాగితాలు, సామాను

అండమాన్‌కు పర్మిట్ కావాలా? అమెరికా పాస్‌పోర్టు ఉన్న మా మనవలకో?

భారత పౌరులకు పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ చూడడానికి ఏ పర్మిట్టూ అక్కర్లేదు. విమానానికీ, ప్రతి ఫెర్రీకీ అందరి గుర్తింపు కార్డులు అడుగుతారు కనుక పసిపిల్లలకు కూడా ఆధార్ గానీ జనన ధ్రువపత్రం గానీ ఉంచుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు అసలు పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు చేతి సంచిలో పెట్టుకోవాలి, టికెట్లు కొనే ముందే అప్పటి నిబంధనలు చూసుకోవాలి. నికోబార్ దీవులు మామూలు పర్యాటకులకు తెరిచి లేవు. ఆదివాసీల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల కింద మరికొన్ని ప్రాంతాలకు వెళ్ళడం నేరం.

ఏమేమి సర్దుకోవాలి?

అందరికీ నీళ్ళలో వేసుకునే రబ్బరు చెప్పులు తప్పనిసరి, పగడపు రాళ్ళు కోసిన గాయాలు త్వరగా మానవు. ఈత దుస్తులు ఆరడానికి గాలిలో తేమ వల్ల ఒక రోజు పైగా పడుతుంది కాబట్టి మనిషికి రెండు జతలు కావాలి. పొడుగు చేతుల ఈత చొక్కా ఉంటే పిల్లల వీపు ఎండకు కందిపోదు. ఇసుక ఈగలు సాయంత్రం పూట కాళ్ళను కుడతాయి. కొబ్బరినూనె రాసుకుంటే కొంత ఆపుతుంది, కుట్టిన చోట గోకితే మాత్రం పుండు పడుతుంది. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు అదనంగా నాలుగు రోజులకు సరిపడా తీసుకువెళ్ళండి. హేవ్‌లాక్‌లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది గానీ పెద్ద చికిత్స కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికే రావాలి.

ఫోన్ పనిచేస్తుందా? డబ్బు ఎంత తీసుకువెళ్ళాలి?

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యాక పరిస్థితి చాలా మెరుగుపడింది. అయినా రాధానగర్, కాలాపత్తర్ వంటి చోట్ల సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ఫెర్రీ టికెట్లు, గది రసీదులు కాగితం మీద అచ్చు వేయించుకోండి. చిన్న దుకాణాలకు, ఆటోలకు, పడవలకు నగదు ఉంచుకోవాలి, హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, పండుగ రోజుల్లో అవీ ఖాళీ అవుతాయి.

## పడవ ప్రయాణం

ఫెర్రీలో వాంతులు అవుతాయా?

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటల దాకా పడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా చాలామందికి ఏమీ కాదు. ప్రైవేటు ఫెర్రీలు అద్దాలు మూసిన ఏసీ పడవలు కాబట్టి ఊగుడు మొదలైతే గాలి కోసం బయటికి పోవడానికి ఉండదు. కింది అంతస్తులో, మధ్యకు లేదా వెనక్కు ఉన్న సీట్లలో ఊపు తక్కువ. కడుపు నిండా పూరీలు తిని ఎక్కకండి, ఖాళీ కడుపుతోనూ ఎక్కకండి. రెండు ఇడ్లీలు చాలు. అవోమిన్ వంటి మాత్రను ప్రయాణానికి ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం ఉండదు. రెండేళ్ళ లోపు పిల్లలకు ఆ మాత్ర ఇవ్వకూడదు. పెద్ద పిల్లలకు ఎంత ఇవ్వాలో మీ డాక్టరును అడిగి వెళ్ళండి.

మా మామగారికి మోకాళ్ళ నొప్పి. ఆయన ఫెర్రీ ఎక్కగలరా?

ఎక్కగలరు. కష్టం పడవలో ఉండదు, జెట్టీ మీద నడవవలసిన దూరంలోను, పడవకు వేసే పలకలోను ఉంటుంది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు పడవ కిందికి దిగి ఆ పలక ఏటవాలుగా మారుతుంది. మా మామగారి విషయంలో మేము ఫెర్రీ సిబ్బందికి ముందురోజే ఫోన్ చేసి చెప్పాము. వీల్‌చైర్‌తో జెట్టీ చివరి దాకా తీసుకువచ్చి, ఇద్దరు మనుషులు చెరో చేయి పట్టుకుని ఎక్కించారు. పడవ ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళ చేతుల్లో సంచులేవీ ఉంచకండి.

ఫెర్రీ రద్దైతే ఏం చేయాలి?

గాలివాన హెచ్చరిక రాగానే అన్ని పడవలూ ఆపేస్తారు, ఎవరు ఎంత అడిగినా వదలరు, అది మన మంచికే. 2016 డిసెంబరులో వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం, తీర రక్షక దళం ఓడలు పంపి తీసుకువచ్చాయి. రద్దైన టికెట్టు డబ్బు వెనక్కి వస్తుంది గానీ తప్పిపోయిన విమానం డబ్బు రాదు. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. ఉదయం ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కే ఏర్పాటును ఏ ఏజెంటు చూపించినా ఒప్పుకోకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దని అందరికీ గట్టిగా చెబుతాను.

## దీవిలో ఉన్నప్పుడు

ఐదింటికే చీకటి పడుతుందా? రోజును ఎలా గడపాలి?

మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా వెళుతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే అక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం అవుతుంది. ఇంటి దగ్గరి అలవాటుతో తొమ్మిదింటికి లేచి, పదకొండింటికి బయలుదేరేవారికి చేతికి ఐదారు గంటలే మిగులుతాయి. పిల్లలను ఐదున్నరకు లేపి తీరం మీదికి తీసుకువెళ్ళండి, ఎండ ముదిరే వేళకు గదికి వచ్చి భోజనం చేసి పడుకోబెట్టండి, మూడింటికి మళ్ళీ బయలుదేరండి. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగింటికల్లా అక్కడ ఉండాలి.

మాకు ఈత రాదు. నీళ్ళలో దిగవచ్చా? మొసళ్ళు ఉంటాయట నిజమేనా?

ఈత రానివారు రాధానగర్‌లో, లైఫ్‌గార్డులు ఉన్న భాగంలో, నడుము లోతు దాటకుండా స్నానం చేయవచ్చు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఆ తీరంలో దుస్తులు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. మొసళ్ళ మాట నిజమే. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు మడ అడవుల్లో, కాలువలు సముద్రంలో కలిసే చోట్ల తిరుగుతాయి. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, జనం లేని మూలల్లో, చీకటి పడ్డాక, వాగు కలిసే చోట నీళ్ళలో అడుగు పెట్టకండి. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి ఫోన్ పక్కన పెట్టి వారినే చూస్తూ కూర్చోవాలి. ఎవరి వంతు ఎప్పుడో ముందే అనుకుంటే అందరూ చూస్తున్నారని అందరూ అనుకునే ప్రమాదం ఉండదు.

స్నార్కెలింగ్, స్కూబా పిల్లలు చేయవచ్చా?

స్నార్కెలింగ్‌కు ఎలిఫెంట్ బీచ్ ప్రసిద్ధి. హేవ్‌లాక్ జెట్టీ నుంచి పడవలో సుమారు అరగంట పడుతుంది, అడవి దారిన నడిచి కూడా వెళ్ళవచ్చు గానీ పెద్దవాళ్ళకు అది తగదు. గైడు ట్యూబు పట్టుకుని లాగుతాడు కాబట్టి ఈత రానివారు కూడా పగడాలు చూడగలరు. ముందురోజు సాయంత్రం బకెట్‌లో ముఖం ముంచి నోటితో ఊపిరి తీయడం సాధన చేయిస్తే పిల్లలు భయపడరు. స్కూబాకు పదేళ్ళు నిండాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ అయినవారు, గర్భిణులు స్కూబా చేయకూడదు, ఫారంలో ఈ విషయాలు దాచకూడదు. డైవ్ చేశాక 24 గంటల దాకా విమానం ఎక్కకుండా తేదీలు చూసుకోండి. నీటి ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని విమానం పైకి వెళ్ళినప్పుడు బుడగలుగా మారడం ప్రాణాంతకం కావచ్చు. పగడాల మీద నిలబడవద్దని పిల్లలకు ముందే చెప్పండి. రాళ్ళలా కనిపించినా అవి ప్రాణమున్నవి, మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

శాకాహారం దొరుకుతుందా? మన భోజనం ఉంటుందా?

హేవ్‌లాక్, నీల్ దీవుల్లో ఎక్కువగా స్థిరపడినవారు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు కనుక చేపలు, పప్పు, అన్నం ప్రధానం. శాకాహారం అన్నిచోట్లా దొరుకుతుంది గానీ కూరగాయల్లో కొన్ని ఓడ మీద రావాలి, అందువల్ల రకాలు తక్కువ, ధర ఎక్కువ. కందిపొడి, మాగాయ, కాస్త నెయ్యి వెంట తీసుకువెళ్ళండి. పచ్చడి సీసాలు చేతి సంచిలో ఒప్పుకోరు, గట్టిగా మూసి పెద్ద సామానులో వేయాలి. వేడి అన్నం, పెరుగు అడిగితే రిసార్టు వంటవాళ్ళు సంతోషంగానే ఇస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో మాత్రం ఇడ్లీ, దోసెలకు లోటు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే, ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళినవారు వారిలో చాలామంది. చేపల మార్కెట్‌లో శ్రీకాకుళం యాస వినబడితే మా అత్తగారు అక్కడే అరగంట నిలబడిపోయారు.

నీల్ ద్వీపం కూడా చూడాలా?

సమయం ఉంటే చూడండి. చిన్న దీవి, పొలాలు, నెమ్మదైన ఊళ్ళు. అక్కడి ఊళ్ళ పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ కావడం తాతయ్యలకు, అమ్మమ్మలకు ఎంతో నచ్చుతుంది. భరత్‌పూర్‌లో గాజు అడుగు పడవలో కూర్చుని, ఒళ్ళు తడవకుండానే పగడాలు చూడవచ్చు. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ శిలాతోరణానికి పాటు వేళలోనే వెళ్ళాలి, దారి నాచు పట్టిన రాళ్ళ మీదుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు పైనే ఆగిపోవడం మంచిది.

పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లలకు ఏం చూపించాలి?

సెల్యులార్ జైలు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ కట్టడంలో మొదట ఏడు శాఖలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. వెళ్ళే ముందు పిల్లలకు కొంత కథ చెప్పండి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొరను అండమాన్‌కే పంపారని, ఆయన విడుదలై వచ్చి 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారని చెప్పాక, మా పాప అక్కడి ఒక గది తలుపు గడియను చాలాసేపు చేత్తో తడిమి చూసింది. గడియ లోపలున్న మనిషి చేతికి అందనంత దూరంగా, గోడ పక్కకు జరిపి బిగించి ఉంటుంది.

బారాటాంగ్ గుహలకు వెళ్ళాలా?

పిల్లలు, పెద్దవాళ్ళతో వద్దు. తెల్లవారుజామున మూడింటికల్లా బయలుదేరి, పహారాతో సాగే వాహనాల వరుసలో జరావా ఆదివాసీల రక్షిత అరణ్యం గుండా వెళ్ళాలి. దారిలో ఆగడం, ఫోటోలు తీయడం, ఆ మనుషులకు తిండి ఇవ్వడం నేరం. చట్టం మాట అటుంచినా, ఒక జాతి ఇంటి మధ్యలోంచి వారిని చూడాలన్న ఆసక్తితో ప్రయాణించడం నాకు సమ్మతం కాదు.

## తిరిగి వచ్చేటప్పుడు

గవ్వలు, పగడాలు ఏరుకుని తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోకూడదు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, చచ్చిన ముక్క అయినా తేడా లేదు, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు. గుర్తుగా ఏదైనా కావాలంటే అనుమతి ఉన్న దుకాణంలో కొని, రసీదు దగ్గర పెట్టుకోండి. పిల్లలకు ఇది నచ్చజెప్పడం కష్టమే. కాలాపత్తర్‌లో మా పాప బొటనవేలంత శంఖాన్ని ఏరి జేబులో వేసుకుంటానని పట్టుబట్టింది. అరచేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడమన్నాను. నిమిషం గడిచాక శంఖం అంచు నుంచి ఎర్రటి కాళ్ళు నాలుగు బయటికి వచ్చి, ఆ చిన్న పీత తన ఇంటిని వీపున మోసుకుంటూ పాప మణికట్టు దాకా నడిచింది. పాప మోకాళ్ళ మీద కూర్చుని చేతిని ఇసుకకు ఆనించి, అది దిగేదాకా ఊపిరి బిగబట్టి చూసింది.